లిక్విడ్ కూలర్ ఉన్నా ప్రాసెసర్ కాగిపోతోందా? అంకె కాదు, గ్రాఫు చూడండి

ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తోంది, కూలర్ పోయినట్టేనా? ఆ ఒక్క అంకె పట్టుకుని ఎవరూ జవాబు చెప్పలేరు. అది ఏ ప్రాసెసరో, ఆ సమయంలో ఎన్ని వాట్లు లాగుతోందో, 95కి ఎంతసేపట్లో ఎక్కిందో తెలియాలి. రైజెన్ 9 7950ఎక్స్ అన్ని కోర్ల మీదా పని పడితే 95 దాకా వెళ్లి అక్కడే నిలబడుతుంది. ఏఎండీ దాన్ని తయారు చేసిందే అలా. రైజెన్ 7 7800ఎక్స్3డీ హద్దు 89, రైజెన్ 9 5950ఎక్స్‌ది 90. ఇంటెల్ 12, 13, 14వ తరాల కే రకం ప్రాసెసర్లకు 100. హద్దు తాకగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి ఆగకపోతే సిస్టమ్ ఆరిపోతుంది. కాబట్టి 95 చూసి కంగారుపడి వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చునే, రాగి ప్లేట్ ఉన్న కూలర్ భాగం) ఊడదీసే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: వేడి ఎక్కడ ఆగిపోతోంది?

ఇక్కడ చెప్పేదంతా ఏఐఓ (ఆల్ ఇన్ వన్) కూలర్ల గురించి, అంటే పంపు, ట్యూబులు, రేడియేటర్ అన్నీ ఫ్యాక్టరీలోనే బిగించి, ద్రవం నింపి, సీలు చేసి వచ్చేవాటి గురించి. విడి భాగాలు కొని సొంతంగా లూప్ కట్టుకునేవాళ్లకూ ఈ లెక్క చాలావరకు పనికొస్తుంది గానీ వాళ్ల తలనొప్పులు వేరు.

చిప్‌లో పుట్టిన వేడి దాని మీదున్న లోహపు మూతలోకి, అక్కణ్ణుంచి థర్మల్ పేస్ట్ గుండా రాగి ప్లేట్‌లోకి, ఆ ప్లేట్ లోపలి సన్నటి గాడుల మధ్య పారే ద్రవంలోకి, ద్రవంతో పాటు రేడియేటర్‌కి, చివరికి ఫ్యాన్ల గాలిలోకి పోతుంది. రాగి ప్లేట్ దాకా జరిగేది సెకన్ల వ్యవహారం. లూప్‌లోని ద్రవమంతా వేడెక్కడం నిమిషాల వ్యవహారం. మనకు దొరికే ఆధారం ఈ తేడాయే. ఉష్ణోగ్రత సెకన్లలో ఎగబాకితే తప్పు బ్లాక్ దగ్గరుంది, నిమిషాల మీద మెల్లగా పాకితే రేడియేటర్ వైపు ఉంది.

ముందు వాట్లు

ఇప్పటి ప్రాసెసర్లతో ఒక చిక్కుంది. కూలర్‌కి ఇంకా ఓపిక ఉందనిపిస్తే అవి ఇంకాస్త కరెంటు లాగి ఇంకాస్త వేగంగా పరిగెడతాయి. అందువల్ల రైజెన్ 7000 వరుసలోని పెద్ద చిప్‌కి కూలర్ సగం చచ్చినా ఉష్ణోగ్రత మాత్రం అదే 95 కనిపిస్తుంది. పడిపోయేది వాట్లు. 7950ఎక్స్‌కి సాకెట్ పవర్ హద్దు (పీపీటీ) 230 వాట్లు. మంచి 360 మిల్లీమీటర్ల రేడియేటర్ కూలర్‌తో ఆ దరిదాపుల్లో ఉండాల్సినది 160 దగ్గర 95 తాకుతోందంటే కూలర్‌లో ఏదో తేడా ఉన్నట్టే. ఉష్ణోగ్రత మాత్రమే చూసేవాళ్లకు ఇది ఎప్పటికీ కనపడదు. "ఎప్పుడూ 95యే కదా" అనుకుంటూ ఉండిపోతారు.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. కూలర్ నిక్షేపంగా ఉంటుంది, మదర్‌బోర్డ్ మాత్రం పవర్ హద్దులన్నీ ఎత్తేసి ఉంటుంది. కోర్ ఐ9-13900కేకి ఇంటెల్ పెట్టిన గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. చాలా బోర్డులు దాన్ని పట్టించుకోకుండా డిఫాల్ట్‌గానే ఎంత కావాలంటే అంత లాగనిచ్చేవి. అలాంటప్పుడు ఏ కూలర్ పెట్టినా 100 తాకుతుంది. మీ దగ్గర ఇంటెల్ 13 లేదా 14వ తరం ఉంటే బయాస్ (మదర్‌బోర్డ్‌లో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ప్రొఫైల్ ఎంచుకోండి. వోల్టేజ్ ఎక్కువై చిప్పులు పాడవుతున్న సమస్యకు 2024లో వచ్చిన మైక్రోకోడ్ సవరణలు కూడా ఆ అప్‌డేట్‌తోనే వస్తాయి, కాబట్టి కూలర్ సంగతి ఎలా ఉన్నా ఇది చేయాల్సిన పనే.

పరీక్షకు మాత్రం వాట్లను ఒకచోట కట్టేయాలి. బయాస్‌లో ఇంటెల్ అయితే పవర్ హద్దులైన పీఎల్1, పీఎల్2 రెండూ 125కి పెట్టండి. ఏఎండీ అయితే పీపీటీ 125కి. మీ చిప్ చిన్నదై అంత లాగలేకపోతే 88 పెట్టండి. ఇప్పుడు లోడ్ పడగానే ప్రాసెసర్ సరిగ్గా అన్ని వాట్లే తీసుకుంటుంది, కూలర్ పనితనం ఉష్ణోగ్రతలో నేరుగా కనిపిస్తుంది. రేపు పేస్ట్ మార్చాక, ఫ్యాన్ తిప్పాక పోల్చుకోవడానికి కూడా ఇదే కొలత.

విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం చాలు. సెన్సర్లు మాత్రమే చూపించే మోడ్‌లో తెరిచి, రీడింగుల విరామాన్ని 2 సెకన్ల నుంచి 1 సెకనుకు తగ్గించండి. ప్యాకేజ్ పవర్, అన్నిటికంటే వేడిగా ఉన్న కోర్, పంపు ఆర్‌పీఎం, ఫ్యాన్ ఆర్‌పీఎం, ఉంటే కూలంట్ (లూప్‌లోని ద్రవం) ఉష్ణోగ్రత, వీటి మీద డబుల్ క్లిక్ చేస్తే దేని గ్రాఫు దానికి తెరుచుకుంటుంది. కూలర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా అదే పంపును అదే సమయంలో అడుగుతూ ఉంటే రీడింగులు పిచ్చిపిచ్చిగా వస్తాయి, పరీక్ష సమయంలో రెంటిలో ఒకదాన్ని మూసేయండి. లినక్స్‌లో లిక్విడ్‌సీటీఎల్ అనే చిన్న టూల్ చాలా ఏఐఓలను చదువుతుంది.

ఫ్యాన్లను పరీక్ష మొత్తం ఒకే వేగానికి, ఉదాహరణకు 70 శాతానికి, పంపును 100 శాతానికి పెట్టండి. పావుగంట ఏ పనీ చెప్పకుండా వదిలేసి, గది ఉష్ణోగ్రత రాసుకుని, సినీబెంచ్ ఆర్23 అనే ప్రోగ్రాంలో 10 నిమిషాల మల్టీకోర్ పరీక్ష రెండుసార్లు వరసగా నడపండి. ప్రైమ్95 అనే ప్రోగ్రాంలో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్ష కూడా వాడొచ్చు గానీ అది మామూలు వాడకంలో ఎప్పుడూ రానంత వేడి పుట్టిస్తుంది. వాట్లు కట్టేశాక ఆ తేడా పెద్దగా ఉండదు, కట్టేయకుండా మాత్రం దాని జోలికి పోవద్దు.

ఖాళీగా ఉన్నప్పుడు రైజెన్ ప్రాసెసర్ ఉష్ణోగ్రత 10, 15 డిగ్రీలు పైకీ కిందికీ ఎగురుతుంటే అది జబ్బు కాదు. ఏ చిన్న పని వచ్చినా ఒక కోర్ క్షణంపాటు పూర్తి వేగానికి వెళ్లొస్తుంది, అంతే.

గ్రాఫు ఏం చెబుతుంది

లోడ్ మొదలైన క్షణంలో కోర్ ఉష్ణోగ్రత నిటారుగా ఎగరడం మామూలే. చూడాల్సింది ఆ ఎగురుడు ఎంత ఎత్తుకు వెళ్లింది, ఆ తర్వాత గీత ఎటు పోయింది అన్నది.

మొదటి రెండు మూడు సెకన్లలోనే 90లు దాటి, ఇక అక్కడే గీత చదునుగా ఉండిపోయిందనుకోండి. ఆ సమయంలో కూలంట్ 32, 33 డిగ్రీలే చూపిస్తోంది, ట్యూబులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. అంటే వేడి ద్రవం దాకా రావడమే లేదు. పేస్ట్, బ్లాక్ బిగింపు, లేదా ప్లేట్ లోపలి గాడులు, ఈ మూడింటిలో ఒకటి.

రెండో రకం గీత మొదట ఎగిరి, ఆగకుండా ఒకటి రెండు నిమిషాల్లోపే హద్దుకు చేరుతుంది. లోడ్ తీసేసినా వెంటనే కిందికి రాదు. బ్లాక్ దగ్గర ట్యూబ్ మొదలు వేడెక్కి ఉంటుంది, రేడియేటర్ మాత్రం గది అంత చల్లగా ఉంటుంది. ద్రవం కదలడం లేదు. పంపు ఆగిపోయిందో, గాలి బుడగ చేరి ఊరికే తిరుగుతోందో, దారి మూసుకుపోయిందో చూడాలి.

మూడో రకం మొదట బాగుంటుంది. 65 దగ్గర మొదలై నిమిషానికి ఒకటో రెండో డిగ్రీలు పెరుగుతూ, పది ఇరవై నిమిషాలకు 85 చేరి అక్కడ నిలుస్తుంది. కూలంట్ కూడా దానితో పాటే అడుగులో అడుగు వేస్తూ 50 దాటుతుంది. బ్లాక్ తన పని తాను చేస్తోంది, రేడియేటర్ వేడిని బయటికి తోయలేకపోతోంది.

కూలంట్ సెన్సర్ ఉన్న కూలర్‌తో ఈ పని ఇంకా తేలిక. కోర్ ఉష్ణోగ్రతలోంచి కూలంట్ ఉష్ణోగ్రత తీసేస్తే వచ్చే తేడా బ్లాక్ వైపు సంగతి. కూలంట్‌లోంచి గది ఉష్ణోగ్రత తీసేస్తే వచ్చేది రేడియేటర్ వైపు సంగతి. లోడ్ మీద కూలంట్ గది కంటే 10 నుంచి 20 డిగ్రీలు ఎక్కువ ఉండటం సహజం. 60 అంటే చాలా ఏఐఓలకు ప్రమాద రేఖ. ట్యూబులు, సీళ్లు, పంపు అన్నిటి ఆయుష్షూ అక్కడినుంచి తరుగుతుంది. కూలర్ కొత్తగా ఉన్నప్పుడే ఈ రెండు తేడాలూ ఎక్కడైనా రాసిపెట్టుకోవడం నా దృష్టిలో ఏ ఫ్యాన్ కర్వ్ కంటే విలువైన పని. మూడేళ్ల తర్వాత పోల్చుకోవడానికి వేరే ఆధారం ఉండదు.

పంపు తిరుగుతోందా, నీళ్లు పారుతున్నాయా

ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. చాలామంది మొదటిదానికి జవాబు దొరకగానే ఆగిపోతారు.

ముందు కరెంటు సంగతి. కొన్ని ఏఐఓలు పంపుకు కావాల్సిన కరెంటును ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే సాటా కనెక్టర్ ద్వారా తీసుకుంటాయి, మదర్‌బోర్డ్‌కి వెళ్లే ఒంటి తీగ వేగం చెప్పడానికి మాత్రమే. మరికొన్ని పూర్తిగా ఫ్యాన్ హెడర్ (బోర్డు మీద ఫ్యాన్ తీగ పెట్టే పిన్నుల చోటు) మీదే బతుకుతాయి. మీది ఏదో మాన్యువల్‌లో చూసుకోండి. సాటా కనెక్టర్ వదులై ఊడితే లైట్లూ ఆరిపోతాయి, పంపూ ఆగిపోతుంది. రెండూ ఒకేసారి పోయాయంటే ముందు అక్కడే చెయ్యి పెట్టాలి.

హెడర్ మీద నడిచేదైతే పంపు తీగను ఏఐఓ పంప్ అని రాసున్న హెడర్‌కి పెట్టండి. అది లేకపోతే సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి. బయాస్‌లోకి వెళ్లి ఆ హెడర్‌ని ఫుల్ స్పీడ్‌కి మార్చండి. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరిగేది. సీపీయూ ఫ్యాన్ హెడర్ ప్రాసెసర్ చల్లగా ఉంటే వేగం తగ్గించేలా ముందే సెట్ అయి ఉంటుంది. దాని మీద 3 పిన్నుల పంపు ఉంటే వోల్టేజ్ తగ్గుతుంది, తక్కువ వోల్టేజ్ మీద కొన్ని పంపులు అసలు మొదలే కావు. ఫ్యాన్ స్టాప్ అనే సదుపాయం పంపు హెడర్‌కి ఆన్ అయి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. పంపు రొద భరించలేకపోతే 70, 80 శాతానికి తగ్గించుకోవచ్చు, కానీ ఒకే స్థిర వేగంగా ఉంచండి, ఉష్ణోగ్రతను బట్టి మారేలా కాదు.

ఇంకో సంగతి, మామూలు ఫ్యాన్ హెడర్ మోసేది 1 ఆంపియర్, అంటే 12 వాట్లు. మూడు ఫ్యాన్లూ పంపూ కలిపి ఒకే స్ప్లిటర్‌తో ఒకే హెడర్ మీద వేలాడదీస్తే ఆ హెడర్ మాడిపోవచ్చు. ఏఐఓ పంప్ హెడర్లకు చాలా బోర్డుల్లో ఇంతకంటే ఎక్కువ సామర్థ్యం ఉంటుంది, అయినా ఫ్యాన్లను వేరే హెడర్ మీదో సాటా కరెంటు తీసుకునే హబ్ మీదో పెట్టడం మేలు. సీపీయూ ఫ్యాన్ హెడర్ ఖాళీగా వదిలేస్తే బూట్ అయ్యేటప్పుడు సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ వస్తుంది. అది కూలర్ పోయిందని చెప్పడం కాదు, ఆ హెడర్ మీద ఏదీ తిరగడం లేదని చెప్పడం. రేడియేటర్ ఫ్యాన్లను దాని మీద పెడితే సరిపోతుంది.

ఆర్‌పీఎం సున్నా చూపిస్తే పంపు చచ్చిందని తేల్చేయకండి, వేగం చెప్పే తీగ సరిగా తగలకపోయినా సున్నాయే వస్తుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన పంపు మూత మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకోండి. ఆరోగ్యంగా ఉన్న పంపు ఒకే శ్రుతిలో సన్నగా రొద పెడుతుంది. గరగరమంటే బేరింగ్ అరిగింది. టిక్కు టిక్కుమని ఆగి ఆగి కొట్టుకుంటే రోటర్ తిరగడానికి పెనుగులాడుతోంది. అలాంటి పంపు మీద వేలితో రెండు దెబ్బలు వేస్తే ఒక్కోసారి లేస్తుంది, కానీ దాన్ని నమ్ముకుని రాత్రంతా రెండర్ పెట్టి పడుకోవద్దు.

ఇప్పుడు రెండో ప్రశ్న. 2,800 ఆర్‌పీఎం చూపిస్తూ కూడా ద్రవం పారకపోవచ్చు. దీనికి చేతులే సాధనం. లోడ్ మీద పది నిమిషాలు నడిచాక రెండు ట్యూబులనూ రేడియేటర్ దగ్గర ఒకేసారి పట్టుకోండి. లెక్క ఇలా ఉంటుంది: నిమిషానికి ఒక లీటరు పారుతుంటే 200 వాట్ల వేడికి వచ్చే ట్యూబుకూ పోయే ట్యూబుకూ తేడా 3 డిగ్రీలే, చేతికి తెలియదు. ప్రవాహం పావు లీటరుకు పడిపోతే అదే తేడా 12 డిగ్రీలు, చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. ఒకటి చురుక్కుమంటూ రెండోది చల్లగా ఉందంటే పంపు అంకె ఏం చెప్పినా ప్రవాహం లేనట్టే.

కారణాల్లో మొదటిది గాలి. సీలు చేసి వచ్చినా ఏఐఓలో కొద్దిగా గాలి ఉండనే ఉంటుంది. పైగా రబ్బరు ట్యూబుల గోడల్లోంచి నీరు ఏళ్ల తరబడి కంటికి కనపడకుండా ఆవిరైపోతూ ఉంటుంది, ఆ మేరకు గాలి చోటు పెరుగుతుంది. గాలి ఎప్పుడూ లూప్‌లో ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ ఎత్తైన చోటు పంపు కాకూడదు, ఇదొక్కటే నియమం. రేడియేటర్ కేబినెట్ పైభాగాన ఉంటే ఏ దిగులూ లేదు. ముందు భాగంలో నిలువుగా పెడితే రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి. ట్యూబులు కిందికి ఉండేలా తిప్పి పెడితే గాలి వాటికి దూరంగా పై ట్యాంకులో చేరుతుంది, గుడగుడ శబ్దం తగ్గుతుంది. పొడవు చాలక ట్యూబులు పైకి పెట్టాల్సి వచ్చినా కొంప మునగదు, శబ్దం కాస్త ఎక్కువ, అంతే. కేబినెట్ అడుగున రేడియేటర్, దానిపైన పంపు, ఈ అమరిక మాత్రం వద్దు. బుడగలన్నీ పంపులోకే వస్తాయి.

గాలి చిక్కుకుందనిపిస్తే సిస్టమ్ ఆపి, తీగ పీకి, కేబినెట్‌ని ముందుకూ వెనక్కూ, పక్కలకూ 45 డిగ్రీల దాకా నెమ్మదిగా వంచండి. తర్వాత నిలబెట్టి పంపు పూర్తి వేగం మీద అరగంట నడపండి. గుడగుడమని కాసేపు మోగి సద్దుమణిగితే గాలి రేడియేటర్‌లోకి పోయినట్టు. మళ్లీ మళ్లీ వస్తోందంటే ద్రవం బాగా తరిగిపోయిందని అర్థం. బీ క్వైట్ ప్యూర్ లూప్ లాంటి కొన్ని కూలర్లకు తిరిగి నింపుకునే మూత ఉంటుంది, ద్రవం సీసా కూడా కూలర్‌తో పాటే ఇస్తారు. మూత లేనివాటిని తెరిస్తే వారంటీ పోతుంది.

రెండోది మడ్డి. రేడియేటర్ అల్యూమినియం, ప్లేట్ రాగి. రెండు వేర్వేరు లోహాలు ఒకే ద్రవంలో ఉంటే తుప్పు మొదలవుతుంది. దాన్ని ఆపడానికి కలిపిన రసాయనాలు కాలక్రమాన బలహీనపడితే తేలిన పొడి వచ్చి ప్లేట్‌లోని సన్నటి గాడుల్లో ఇరుక్కుంటుంది. పంపు వేగం బాగుంటుంది, శబ్దం బాగుంటుంది, పేస్ట్ మార్చినా గుణం ఉండదు. వేడి మాత్రం నెలనెలా పెరుగుతుంది. ఇది వాడేవాళ్ల తప్పు కాదు, ఇంట్లో చేయగలిగిన మందు కూడా లేదు. ఎంఎస్ఐ 2021లో తన కోర్‌లిక్విడ్ 240ఆర్, 360ఆర్ మోడళ్లను మడ్డి కారణంగానే వెనక్కి తీసుకుంది. ఆర్కిటిక్ కంపెనీ 2022లో లిక్విడ్ ఫ్రీజర్ 2 కూలర్లలో గ్యాస్కెట్ లోపం ఉందని ఒప్పుకుని, మార్చుకోవడానికి కిట్‌ను ఉచితంగా ఇచ్చింది. మీ మోడల్ పేరుతో ఇలాంటి ప్రకటన ఏదైనా ఉందేమో తయారీదారు సైటులో చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

పేస్ట్ ముద్ర చదవడం

గీత సెకన్లలో ఎగిరి చదునైందా, అయితే బ్లాక్ తీయాల్సిందే. తీసే ముందు ఐదు నిమిషాలు ప్రాసెసర్‌ని వేడెక్కించి, సిస్టమ్ ఆపి, బ్లాక్‌ని కుడికీ ఎడమకూ మెల్లగా మెలితిప్పి లేపండి. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4కి ఇది తప్పనిసరి. అక్కడ పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, పేస్ట్ గట్టిపడి ఉంటే సాకెట్ లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ బ్లాక్‌తో పాటు ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5లో, ఇంటెల్ సాకెట్లలో ప్రాసెసర్‌ని లోహపు చట్రం పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు.

తీయగానే తుడిచేయకండి. ప్రాసెసర్ మీదా ప్లేట్ మీదా ఉన్న ముద్రను వెలుతురులో పెట్టి చూడండి. సరైన ముద్రలో మధ్యభాగాన పేస్ట్ లోహం రంగు కనపడేంత పలచగా ఉండి, నొక్కుడుకు బయటికి వచ్చినది అంచుల వెంట గట్టు కట్టి ఉంటుంది. మధ్యలో మందంగా, వేసినది వేసినట్టే ఉంటే బ్లాక్ అసలు నొక్కుకోలేదు. ఒక మూల పలచగా, దానికి ఎదురు మూల మందంగా ఉంటే స్క్రూలు సమానంగా బిగియలేదు. మధ్యలో పొడిబారి పగుళ్లిచ్చి ఉంటే పేస్ట్ ముసలిదైంది. ప్లేట్ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఇంకా అంటుకునే ఉంటే, నవ్వకండి, ఇది చాలామంది విషయంలో నిజంగా జరుగుతుంది.

నొక్కుకోకపోవడానికి నాకు తెలిసి అతి పెద్ద కారణం తప్పు స్టాండాఫ్‌లు, అంటే బ్లాక్ స్క్రూలు బిగించే చిన్న స్తంభాలు. ఇంటెల్ ఎల్‌జీఏ1200 సాకెట్‌కి స్క్రూ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ1700కి 78. దూరం సంగతి అందరికీ తెలుసు, ఎత్తు సంగతి మర్చిపోతారు. ఎల్‌జీఏ1700లో ప్రాసెసర్ పై ముఖం బోర్డుకు దాదాపు ముప్పావు మిల్లీమీటరు దగ్గరగా ఉంటుంది. పాత స్టాండాఫ్‌లు జారుడు రంధ్రాలున్న బ్రాకెట్‌లో చక్కగానే కూర్చుంటాయి, స్క్రూలూ గట్టిగా బిగుస్తాయి, బ్లాక్ మాత్రం ప్రాసెసర్‌ని పైపైన తాకి ఊరుకుంటుంది. బాక్సులో రెండు సంచుల స్టాండాఫ్‌లు వస్తే సంచి మీద రాసినది చదవండి. ఎల్‌జీఏ1851కి ఎల్‌జీఏ1700 కిట్టే పనికొస్తుంది. ఏఎం5లో బోర్డు వెనక ప్లేట్ ఊడదీయడానికి రాదు, కాబట్టి ఏఎం4కి సొంత వెనక ప్లేట్ అడిగే పాత కిట్లు అక్కడ పనికిరావు.

ఎల్‌జీఏ1700 ప్రాసెసర్లు సాకెట్ చట్రం ఒత్తిడికి మధ్యలో కాస్త వంగుతాయి. కాంటాక్ట్ ఫ్రేమ్ అనే చట్రం వేస్తే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. దాన్ని మరీ బిగిస్తే ర్యామ్ గుర్తించకపోవడం లాంటి వింతలు మొదలవుతాయి, ఇంటెల్ వారంటీతోనూ చిక్కే. మిగతావన్నీ సరిచూసుకోకుండా దీని మీదికి ఉరకడం నాకు నచ్చదు. ఏఎం5లో అయితే కోర్లున్న ముక్కలు మధ్యలో కాకుండా ఒక అంచుకు జరిగి ఉంటాయి. కిట్‌లో ఆఫ్‌సెట్ బిగింపు ఉంటే వాడండి, 1 నుంచి 3 డిగ్రీలు కలిసొస్తాయి.

మళ్లీ బిగించేటప్పుడు 90 శాతం పైనున్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు పోగులు రాలని గుడ్డతో రెండు ముఖాలూ తుడవండి. పేస్ట్ చతురస్రంగా ఉన్న ప్రాసెసర్‌కి మధ్యలో బఠాణీ గింజంత, పొడుగ్గా ఉండే ఎల్‌జీఏ1700కి ఇంటూ గుర్తులా రెండు సన్నటి గీతలు. కాస్త ఎక్కువైతే అంచులకు కారుతుంది, పెద్దగా నష్టం లేదు. తక్కువైతేనే ముప్పు. స్క్రూలను ఒక్కోదాన్నీ రెండు మూడు చుట్లు చొప్పున ఎదురెదురు మూలలుగా తిప్పుతూ, ఇక తిరగనని ఆగేదాకా బిగించండి. స్ప్రింగ్ ఉన్న స్క్రూలు ఎక్కడ ఆగాలో అవే ఆగుతాయి, అక్కణ్ణుంచి బలం చూపించక్కర్లేదు.

మెల్లగా పాకే వేడి

ఇందులో తొంభై పాళ్లు దుమ్మే. కేబినెట్ ముందు భాగంలో పెట్టిన రేడియేటర్‌కి ఫ్యాన్ వెనక, రేడియేటర్ పలచటి రేకులకు ముందు దుమ్ము పరుపులా పేరుకుంటుంది. బయటినుంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది. నాలుగు స్క్రూలు తీసి ఫ్యాన్ పక్కకు జరిపితే గానీ అసలు సంగతి తెలియదు. దుమ్ము చేరిన దిక్కుకు ఎదురు దిక్కునుంచి గాలి కొట్టాలి, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. ఫ్యాన్ తిరిగి బిగించేటప్పుడు పొడవు స్క్రూలు వాడితే మొన రేడియేటర్ గొట్టంలోకి దిగి కూలర్ అక్కడికక్కడే ఖతం. కూలర్‌తో వచ్చినవే వాడండి.

ఫ్యాన్ దిక్కు తేల్చుకోవడం సులువు. మోటారును పట్టుకున్న ఊచలు ఏ వైపు ఉంటే గాలి అటు వెళ్తుంది. మూడు ఫ్యాన్లలో ఒకటి తిరగబడి ఉంటే మిగతా రెండింటి పని చాలావరకు వృథా. స్ప్లిటర్ మీద ఒకదాని వేగమే బోర్డుకు కనిపిస్తుంది కాబట్టి మిగతావి తిరుగుతున్నాయో లేదో కళ్లతో చూడండి.

దుమ్మూ లేదు, దిక్కూ సరిగ్గానే ఉంది అంటే కేబినెట్ పక్క తలుపు తీసి అదే పరీక్ష మళ్లీ నడపండి. కూలంట్ 5 డిగ్రీలో అంతకంటే ఎక్కువో తగ్గితే నేరం కూలర్‌ది కాదు, గాలి దొరకని కేబినెట్‌ది. సినీబెంచ్‌లో బాగుండి గేముల్లో మాత్రమే వేడెక్కుతోందంటే గ్రాఫిక్స్ కార్డ్ వైపు చూడండి. 300 వాట్ల కార్డ్ వదిలే వేడిగాలి అంతా పైనున్న రేడియేటర్ గుండానే బయటికి పోతుంటే కూలంట్ చల్లగా ఎలా ఉంటుంది? ముందు నుంచి లోపలికి వచ్చే ఫ్యాన్లు పెంచడం దీనికి సరైన విరుగుడు.

ఫ్యాన్లు ఊరికే గీపెట్టి తగ్గుతుంటే వాటిని ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు కాకుండా కూలంట్ ఉష్ణోగ్రతకు కట్టండి. ఆ సెన్సర్ లేకపోతే బయాస్‌లో స్టెప్ అప్ ఆలస్యాన్ని (వేడి పెరిగాక ఫ్యాన్ వేగం పెంచే ముందు ఆగే సమయాన్ని) పెంచండి.

తడి కనిపిస్తే

ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి, తీగ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. చూడాల్సిన చోట్లు బ్లాక్ చుట్టూ అంచు, ట్యూబులు కలిసే మెడలు, కింద ఉన్న గ్రాఫిక్స్ కార్డ్ వెనక ప్లేట్. ఎండిన లీకు జిగటగానో తెల్లటి మరకగానో కనిపిస్తుంది. కొత్తలో ఈ ద్రవం కరెంటును పెద్దగా మోయదు గానీ లోపల ఏళ్లు తిరిగి లోహపు అంశ చేరాక మోస్తుంది. తడిసినవాటిని ఆల్కహాల్‌తో తుడిచి, కనీసం ఒక రోజు ఆరనివ్వండి. ఫోటోలు తీయకుండా మాత్రం తుడవొద్దు.

ఆ ఫోటోలు వారంటీకి కావాలి. ఏఐఓలకు మోడల్‌ను బట్టి 3 నుంచి 6 ఏళ్ల దాకా వారంటీ ఉంటుంది. క్లెయిమ్ పెట్టేటప్పుడు "వేడెక్కుతోంది" అని రాస్తే పేస్ట్ మార్చి చూడమని జవాబొస్తుంది. 125 వాట్ల దగ్గర తీసిన గ్రాఫు, పంపు ఆర్‌పీఎం, గది ఉష్ణోగ్రత, రెండు ట్యూబుల తేడా, పేస్ట్ ముద్ర ఫోటో జతచేస్తే ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు తప్పుతాయి. కొత్తది వచ్చేదాకా సిస్టమ్ వాడక తప్పదంటే, పంపు నడుస్తూ ప్రవాహం తగ్గిన కూలర్‌తో ఏఎండీలో 65 వాట్ల ఎకో మోడ్, ఇంటెల్‌లో పీఎల్1, పీఎల్2 రెండూ 65 పెట్టి నెట్టుకురావచ్చు. పంపు పూర్తిగా ఆగిపోయి ఉంటే అది కూడా వద్దు, డబ్బాలో పడున్న చిన్న ఎయిర్ కూలర్ ఏదైనా ఉంటే దాన్నే బిగించండి.